దెబ్బలు మోసిన ఇల్లు

సోమవారం పొద్దుగాల్ల చాయ్ తాగే యాళ్ళకు మేస్త్రీ సాంబయ్య తాపీ, తట్ట పట్టుకొని వెంకటనర్సమ్మ ఇంటికి వస్తడు. ఏండ్ల సంది గదే అలవాటు. ఆదివారం ఆమె కొడుకు మహిపాల్ మ్యాచ్ ఆడితే సోమవారం సాంబయ్య గోడలు జూడాలె. పిలుసుడు లేదు, చెప్పుడు లేదు. నాచారం ఫ్యాక్టరీల ఎనక ఆ గల్లీల సాంబయ్య సైకిల్ మోటర్ బండి ఆగిందంటే, మ్యాచ్ చూడనోళ్ళకు గూడ నిన్న ఆట ఎంత గట్టిగ నడిచిందో తెలుస్తది.

"ఏమొదినె, ఈ పారి యాడ?"

"కుడి భుజం మీద గుద్దినట్టున్నరు. పొయ్యికాడి గోడ మూలకెళ్ళి కిందిదాంక నెర్రె బాసింది. నేను పప్పుల పోపు పెడుతుంటి, టప్పుమని సప్పుడొచ్చింది."

"పిలగాడెట్లున్నడు?"

"వానికేంది? గా అరుగు మీద కూసున్నడు సూడు, ఆరో గుడ్డు పొట్టు తీస్తుండు."

మహిపాల్ నోట్ల గుడ్డు పెట్టుకొనే చెయ్యెత్తి సాంబయ్యకు దండం పెట్టిండు. అదే కుడి చెయ్యి. నిన్న తొంభై కిలోల మనిషి ఉరికొచ్చి గుద్దిన భుజం అది. దాని మీద గీత గూడ పడలే.

బస్తీల ఎవ్వలింట్ల ఏమున్నదో అందరికీ ఎరికే. ఒకలింట్ల షుగరుంటది, ఒకలింట్ల కోర్టు కేసుంటది, వెంకటనర్సమ్మ ఇంట్ల కొడుకు దెబ్బలు గోడలకు తగుల్తయి. గంతే. కుడి భుజానికి వంటింటి గోడ, ఎడమ భుజానికి పడకింటి గోడ, పక్కటెముకలకు కిటికీలు, కాళ్ళకు గడపలు. తలకేమో నడింట్ల ఉన్న సిమెంటు దూలం. ఎప్పటిసంది అని ఎవ్వలన్న అడిగితే తొమ్మిదేండ్ల పోరగాడప్పుడు పిట్టగోడ మీదికెళ్ళి పడ్డ ముచ్చట చెప్తరు. కాలు ఇరగలే, గడపరాయి రెండు ముక్కలైంది. తండ్రి కొమురెల్లి, ఫ్యాక్టరీల షిఫ్టు దిగొచ్చి ఆ రాయి జూసిండు. ఆ ఇల్లు ఆయన తన చేతులతోని ఇటుక మీద ఇటుక పెట్టి కట్టుకున్నది. "పోనీ తియ్, రాయి మల్ల దొరుకుతది," అని చాయ్ తాగిండు. ఆయన సచ్చిపోయి పదకొండేండ్లయింది.

ఉప్పల్ల అంత పెద్ద క్రికెట్ స్టేడియం పెట్టుకొని ఈ పోరడు రగ్బీకి ఎట్ల పోయిండో ఆ మల్లన్నకే తెల్వాలె. బడిల పీటీ సారు కోడిగుడ్డసొంటి బాలొకటి తెచ్చి, దాన్ని సంకల పెట్టుకొని ఉరికెటోణ్ణి పడగొట్టుమన్నడట. మహిపాల్ పడగొట్టిండు. లేచి చూస్తే అవతలోనికి మోకాలు చీరుకపోయింది, వీనికి దుమ్మంటింది. మల్ల పడగొట్టుమన్నడు, మల్ల పడగొట్టిండు. గట్ల బడికెళ్ళి జిల్లాకు, జిల్లాకెళ్ళి స్టేట్‌కు, ఆడికెళ్ళి ఇండియా జెర్సీకి పోయిండు. తర్వాత లీగ్ మొదలైనంక గోల్కొండ ర్యామ్స్ టీం వాళ్ళు తీసుకున్నరు. బస్తీ వాళ్ళకు ఆ పేరు నోరు తిరగక పొటేళ్ళ టీం అంటరు.

ఏడుగురాడే ఆట. బాలు పట్టుకొని అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు, తర్వాత కర్రల నడుమకెళ్ళి బాలు తంతే ఇంకో రెండు. గీత దాటకుండ మీద పడి పడగొట్టుడు మహిపాల్ పని. ఆ పని వానంత బాగ దేశంల ఇంకొకడు చెయ్యలేడని టీవీలోళ్ళంటరు. ఎందుకు చెయ్యలేడు? మిగిలినోళ్ళు తల కాపాడుకుంటరు. వీడు తలనే ముందల పెడ్తడు.

కోచ్ పవన్‌కుమార్ కాకినాడ మనిషి. ఏడేండ్ల సంది ఒకటే పోరు. "ఒరేయ్ మహీ, తల వాడి వెనక్కి పోవాలిరా, భుజంతో కొట్టాలి. నువ్వు వాడి మోకాళ్ళకి ఎదురుగా తల పెడుతున్నావు. ఏదో ఒకరోజు మెడ విరుగుతుంది, నా మాట విను."

మహిపాల్ నవ్వేటోడు. నేర్సుకునెటోళ్ళు నొప్పికి భయపడి నేర్సుకుంటరు. వీనికి నొప్పి తెల్వదు, ఇగ ఏం నేర్సుకుంటడు?

పేరు మాత్రం మస్తు వచ్చింది. ఉప్పల్ రింగు రోడ్డు కాడ మెట్రో పిల్లర్లకు ఫ్లెక్సీలు. హబ్సిగూడల మొబైల్ షాపు రిబ్బను మహిపాలే కత్తిరించాలె, మేడిపల్లిల బడి పండుగకు మహిపాలే రావాలె. సన్మానం చేసెటోళ్ళు శాలువా కప్పి, దండేసి, ఒక సిమెంటు బస్తా గూడ స్టేజీ మీద పెడ్తరు. మనోని ఇల్లు మన ఇల్లే గదా అని. వెంకటనర్సమ్మ వాకిట్ల ఎప్పుడు జూసినా రెండు మూడు బస్తాలు తడవకుండ కవరు కప్పుకొని ఉంటయి.

ఈ సీజన్ల టీం ఫైనల్‌కొచ్చింది. సెమీఫైనల్ల మహిపాల్ తలకు మూడు సార్లు తగిలింది. తెల్లారి సాంబయ్య దూలం కింద స్టూలేసుకొని ఎక్కి, చేత్తోని తట్టి చెవి పెట్టి విన్నడు. జేబులకెళ్ళి సన్నటి అద్దం ముక్క తీసి, దూలం మీది పగులుకు అడ్డంగ పెట్టి, రెండు దిక్కుల సిమెంటుతోని అతికిచ్చిండు. పగులు కదిలితే అద్దం పలుగుతది. మేస్త్రీలకు గదే డాక్టరు మిషను. మంగళవారం వచ్చి చూస్తే అద్దం రెండు ముక్కలై ఉన్నది. ఇంకోటి పెట్టిండు. బుధవారానికి అదీ పలిగింది. మ్యాచ్ లేదు, దెబ్బ లేదు, దూలం తనంతట తానే జరుగుతుంది.

దానికి తోడు బస్తీ యూత్ పిల్లలు ఫైనల్ సంబరానికి ఇంటి మీద ఇరవై ఫీట్ల కటౌట్ నిలబెట్టిన్రు. ఇనుప ఫ్రేము, లైట్లు, తల ముందలికి వంచి ఉరుకుతున్న మహిపాల్ బొమ్మ. మెయిన్ రోడ్డు మీదికెళ్ళి కనబడ్తది. స్విచ్చు మహిపాలే వేసిండు.

గురువారం సాంబయ్య వాణ్ణి పక్కకు పిలిచిండు. "ఆ ఇనుము దించు కొడుకా. దాని బరువంత దూలం మీదనే పడ్డది."

"ఫైనల్ దాంక ఉండనియ్ కాక. పిల్లలు మనసు పెట్టి కట్టిన్రు."

"పిల్లల మనసు నిలబడ్తది, దూలం నిలబడది." సాంబయ్య గొంతు తగ్గించిండు. "నీకు నిజం చెప్తున్న. ఇంకొక్క దెబ్బ తలకు తగిల్తే నడిల్లు కూల్తది. భుజానికి తగిలినా కూల్తది, గోడలు గూడ అల్లాడుతున్నయి. మీ అమ్మ టీవీ ముందల కూసుంటది సూడు, సరిగ్గ దాని కిందనే."

మహిపాల్‌ తలెత్తి ఇంటి మీది బొమ్మను చూసిండు. కటౌట్ దించుమని చెప్పాలె అనుకున్నడు. చెప్పలే. ఇంకా మూడు దినాలే గదా అనుకున్నడు. తన మొఖం అంత పెద్దగ, అంత ఎత్తుల చూసుకునుడు వానికి ఇష్టంగుండె. ఒప్పుకోవాలె మరి.

అమ్మను ఇంట్లకెళ్ళి బయటికి తీస్తే సరిపోదా అంటే, ఆడ్నే ఉన్నది మెలిక. రెండేండ్ల కింద వెంకటనర్సమ్మ కొమురవెల్లి మల్లన్న జాతరకు పొయ్యి రెండు దినాలున్నది. ఆ ఆదివారం మ్యాచ్‌ల మహిపాల్ మెడ కింది ఎముక పుటుక్కున ఇరిగింది. నాలుగు నెలలు దవాఖానాల చుట్టు తిరిగిండు. ఇల్లు మాత్రం సున్నం రాలకుండ ఉన్నది. మనిషి లేని ఇల్లు ఏ బరువూ మొయ్యదని గల్లీల అందరికీ అప్పుడే సమజైంది. అప్పటిసంది మ్యాచ్ దినం ఆమె గడప దాటలే, పెండ్లయినా సావయినా సరే.

శనివారం అన్నం తింటుంటే మహిపాల్ అన్నడు, "అమ్మా, రేపు నువ్వు ఇంట్ల ఉండొద్దు. మల్లవ్వ పెద్దమ్మ ఇంట్ల కూసొని చూడు."

మల్లవ్వ ఎదురింటి మనిషి. వెంకటనర్సమ్మ పచ్చిపులుసు పోస్తున్న చెయ్యి ఆపలే. "మరి నీకు తగిల్తే?"

"తగల్నీ. అందరికీ తగుల్తలేవా? నేనేమన్న ఎక్కువనా?"

"తల ముందల పెడ్తవు గదరా."

"పెట్టను. పవన్ సార్ చెప్పినట్టు ఆడ్త. నువ్వు పోతనని ఒట్టు పెట్టు."

"పోత తియ్," అన్నది ఆమె. ఒట్టు మాత్రం పెట్టలే. గంత జల్ది ఒప్పుకున్నదేందని మహిపాల్‌కు అనుమానం రావాలె. వాని ఫికర్ వానికున్నది, రాలే.

ఆదివారం సాయంత్రం గచ్చిబౌలి గ్రౌండ్ నిండిపోయింది. పదివేల మంది వాని పేరే అంటున్నరు. జీవితంల మొదటిసారి తన ఒంటికేమైతదో అని మహిపాల్ భయపడ్డడు. అమ్మ మల్లవ్వింట్ల ఉన్నది, ఇల్లు ఖాళీగున్నది, ఇయ్యాల ఏది తగిల్తే అది తనకే. తల ఎనక్కి పెట్టాలె, భుజంతోని కొట్టాలె అని నోట్లనే గొణుక్కుంటుండు. నాలుగో నిమిషంల అవతలి టీం మనిషి బాలు పట్టుకొని ఎదురొచ్చిండు. ఇరవై ఏండ్ల అలవాటు మనసు మాట ఇంటదా? తల ముందలికే పొయ్యింది. వాని మోకాలు వచ్చి కణతకు తగిలింది. జనమంతా హో అన్నరు. డాక్టరు సంచి పట్టుకొని ఉరికొచ్చిండు.

మహిపాల్ లేచి నిలబడ్డడు. నొప్పి లేదు, తల తిరుగుడు లేదు.

నొప్పి లేదంటే అమ్మ ఇంట్లనే ఉన్నది.

సగం ఆట అయ్యేసరికి సాంబయ్య గ్రౌండ్ చుట్టున్న ఇనుప కటాంజనం కాడికి ఉరికొచ్చిండు. ఆయనకు పాసు మహిపాలే ఇచ్చిండు. "కొడుకా, మల్లవ్వ ఫోన్ చేసింది. మీ అమ్మ తలుపు లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నదట. ఎంత కొట్టినా తీస్తలేదు. 'నా కొడుకు ఆట అయినంకనే తీస్త' అంటున్నదట. దూలంల సగం ఇనుము బయటికొచ్చిందట!"

"తలుపు పగలగొట్టుమను కాక!"

"గుద్దితే గోడ కూల్తదని భయపడుతున్నరు. ఎట్ల పగలగొడ్తరు?"

మహిపాల్ కోచ్ కాడికి ఉరికిండు. "సార్, నన్ను తీసెయ్యిండ్రి. నేనాడ."

"ఏంట్రా ఈ మాట? ఐదుగురు సబ్‌స్టిట్యూట్లూ అయిపోయారు, ఇద్దరు కుంటుతున్నారు. నువ్వు బయటికొస్తే ఆరుగురితో ఆడాలి. దెబ్బ తగిలిందా?"

"లేదు సార్."

"మరింకేం? వెళ్ళు, రెండు నిమిషాలు అయిపోయినై."

కాకినాడ మనిషికి నాచారం ఇంటి సంగతి ఎన్నడూ చెప్పలే. చెప్పాల్సిన అవసరమే రాలే, సన్మానాల సిమెంటు బస్తాలు జూసి వీడు కొత్తిల్లు కడుతుండని సారు అనుకున్నడు.

రెండో సగంల మహిపాల్ ఎవ్వని మీదికీ పోలే. బాలు వస్తే వేరేవాళ్ళకు ఇచ్చేసిండు. ఒకణ్ణి జెర్సీ పట్టి గుంజిండు, వాడు ఇడిపిచ్చుకొని పొయ్యి గీత దాటిండు. "ఏమైందిరా మహిపాల్‌కు?" అని జనం గొణుగుడు మొదలైంది. అయినా టీం పంతొమ్మిది, పదిహేడుతోని ముందల్నే ఉన్నది. టైం అయిపోయినట్టు కూత గూడ వచ్చింది. బాలు ఇంకా ఆటల ఉన్నది గాబట్టి ఆట ఆగలే. ఆఖరి ఉరుకు ఒకటే మిగిలింది.

అవతలి టీంల ఫిజీ దేశపు మనిషి బాలు సంకల పెట్టుకొని నడుమకెళ్ళి వచ్చిండు. ముగ్గురిని దాటిండు. వాని ముందల మహిపాల్ ఒక్కడే ఉన్నడు. ఎనక ఖాళీ గడ్డి, ఆ గీత. ఇసొంటి దెబ్బ కోసమే వానికి గంత పేరొచ్చింది, కటౌట్‌ల ఉన్నది గూడ గీ బొమ్మనే. పదివేల మంది లేచి నిలబడ్డరు. పవన్‌కుమార్ "వెయ్యరా!" అని అరిచిండు.

ఆ కాళ్ళు దగ్గరికొస్తుంటే మహిపాల్‌కు దూలం కింద కుర్చీల కూసున్న అమ్మ కనబడ్డది. రిమోట్ ఒళ్ళె పెట్టుకొని, కొంగు నోట్ల పెట్టుకొని, కండ్లార్పకుండ తననే చూస్తున్నది.

పక్కకు జరిగిండు.

జరుగుడంటే, బస్సుకు తొవ్వ ఇచ్చినట్టు జరిగిండు. ఫిజీ మనిషికే సమజ్ కాలే. గీత దాటినంక ఒకసారి ఎనక్కి తిరిగి చూసి, మెల్లగ వంగి బాలు నేలకు ఆనిచ్చిండు. ఇరవై రెండు, పంతొమ్మిది. కప్పు పొయ్యింది.

తర్వాత మొదలైనయి బూతులు. "అమ్ముడుపోయినవారా!" "నీ పేరు మా పిల్లగానికి పెట్టుకున్నం గదరా దొంగా!" నీళ్ళ సీసాలు వచ్చి గడ్డి మీద పడ్డయి. టీం పిల్లలు వాని మొఖం చూడకుండ పక్కకెళ్ళి పొయ్యిన్రు. పవన్‌కుమార్ వచ్చి ఎదురుంగ నిలబడ్డడు. ఆయన కండ్లల్ల నీళ్ళున్నయి. "ఏడేళ్ళు నిన్ను కొడుకులా చూసుకున్నాన్రా. ఎందుకు తప్పుకున్నావో ఒక్క ముక్క చెప్పు."

మహిపాల్ సారు భుజం మీద చెయ్యేసిండు. వాని మనసు మస్తు తేలికగున్నది. దెబ్బ తగల్లే, దూలం నిలబడ్డది, అమ్మ బతికింది. ఎవ్వలేమన్నా పర్వాలేదు. నిజంగనే ఏమనిపిస్తలేదు. పదివేల మంది తిడుతున్నరు, ఏమనిపిస్తలేదు. దేవుడసొంటి సారు ఏడుస్తుండు, ఏమనిపిస్తలేదు.

అప్పుడు ఆగి ఆలోచన చేసిండు. ఎందుకనిపిస్తలేదు?

నాయిన సచ్చిపోయిన దినం గూడ గిట్లనే ఏమనిపియ్యలే. అందరు ఏడ్సిన్రు, తనకు కన్ను తడవలే. నా గుండె బండబారిందేమో అని చాన ఏండ్లు లోపల్లోపల సిగ్గుపడ్డడు. ఆ దినం దేవుడుండే అర్ర గోడ పైకెళ్ళి కిందిదాంక పలిగింది. బయట లారీ పొయ్యింది, అదిరి పలిగిందన్నరు. తను గూడ గట్లనే అనుకున్నడు.

లారీ కాదు. ఆ ఇల్లు మోసింది ఒంటి దెబ్బలొక్కటే కాదు, మనసుకు తగిలిన దెబ్బలు గూడ. మరి ఈ తిట్లన్నీ ఇప్పుడు యాడికి పోతున్నయి?

"కాకా!" అని కేకేసి కటాంజనం దిక్కు ఉరికిండు. "ఫోన్ చెయ్! అమ్మను బయటికి రమ్మను! జల్దీ!"

సాంబయ్య మల్లవ్వ నంబరు కొట్టిండు. ఫోన్ పొయ్యింది, మోగింది. మోగుతనే ఉన్నది. ఎవ్వలు ఎత్తుతలేరు. స్టేడియం నిండ కూతలు ఇంకా పెద్దగయినయి. వాని ఫ్లెక్సీ ఎవరో చింపుతున్నరు.

అప్పుడు తగిలింది. ముందుగాల్ల ఛాతిల, ఇటుక పెట్టి కొట్టినట్టు. తర్వాత గొంతుల. ప్రతి బూతు ఇనబడ్డది, ప్రతిదీ గుచ్చుకున్నది. పవన్ సార్ కండ్లల్ల నీళ్ళు గుర్తుకొచ్చినయి. దాని ఎనకనే పదకొండేండ్ల కిందటి దినం వచ్చింది, నాయినను పాడె మీద పెట్టిన దినం, మొన్ననే అయినట్టు. మహిపాల్ గడ్డి మీద మోకాళ్ళ మీద పడి తల నేలకు కొట్టుకొని ఏడ్సిండు. ఓడిపోయినందుకు ఏడుస్తుండని టీవీలోళ్ళు చెప్పిన్రు. పదకొండేండ్ల కిందటి నొప్పి గూడ తిరిగొచ్చిందంటే, దాన్ని మోసిన ఇల్లే లేదు. వాడేడ్సింది గా ఇంటి కింద ఎవ్వలున్నరో తలుసుకొని.

సాంబయ్య ఫోన్ మోగింది. మల్లవ్వ నంబరు. సాంబయ్య ఎత్తి, విని, కటాంజనం సందులకెళ్ళి ఫోన్ మహిపాల్ చేతుల పెట్టిండు.

"ఎందుకిడ్సిపెట్టినవ్‌రా వాణ్ణి?"

వెంకటనర్సమ్మ గొంతు. గల్లీ మొత్తం ఇనబడేటట్టు ఒర్రుతున్నది.

"సిగ్గు లేదారా? చేతికందిన మనిషికి తొవ్వ ఇస్తవా? గా దిక్కుమాలిన ఆట చూడలేక, కోపానికి లేసి తలుపు తీసుకొని మల్లవ్వ కాడికొచ్చిన, నీ మీద చెప్పుకుందామని. గడప దాటిన్నో లేదో ఎనకంగ పెద్ద సప్పుడైంది. తిరిగి చూస్తే దుమ్మే." ఆమె గొంతు సన్నబడ్డది. "ఇల్లు లేదు బిడ్డా. మీ నాయిన కట్టిన ఇల్లు. నీ బొమ్మ గూడ దాంట్లనే పడ్డది. ఇగ నువ్వెట్ల ఆడ్తవ్‌రా? నీకెవ్వలు కాపలా?"

మహిపాల్‌ ఫోన్ చెవికి అదిమి పెట్టుకున్నడు. ఆమెకు వాని ఏడుపు ఎక్కిళ్ళు ఇనబడ్డయి. ఇన్నేండ్లల్ల ఎన్నడూ ఇనని సప్పుడది.

"అరేయ్," అన్నది భయంగ. "తగిలిందారా?"

"తగిలిందే అమ్మా," అన్నడు మహిపాల్. "మస్తు నొస్తుందే."